బండి అమ్మారు సరే, లెక్కల్లోంచి తీశారా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు కంపెనీ బండ్ల గురించే. బెంగళూరులో చిన్నాచితకా కంపెనీలు నడిపే మనవాళ్ళు నాలుగైదేళ్ళకోసారి కారు మార్చేస్తుంటారు, పాతది అమ్మిన డబ్బు బ్యాంకులో పడ్డాక ఇక ఆ ఊసే ఎత్తరు. మార్చి నెలాఖరులో ఆడిటర్ అడుగుతారు, అప్పుడు మొదలవుతుంది టెన్షన్.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను, కింది జవాబులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి కాబట్టి. ఒకే బండికి మీ దగ్గర రెండు విలువలుంటాయి. కంపెనీల చట్టం ప్రకారం మీ పుస్తకాల్లో ఉండేది ఒకటి, ఆదాయపు పన్ను లెక్కలో ఉండేది ఇంకొకటి, ఈ రెండూ ఎప్పుడూ కలవవు, కలవాల్సిన పనీ లేదు. బండి అమ్మేరోజు జీఎస్టీ అని మూడో చుట్టం దిగుతుంది, అది ఈ రెండో విలువనే పట్టుకుంటుంది. సెక్షన్ నంబర్లు మాత్రం పెద్దగా రాయను, 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి అక్కడినుంచి నంబర్లన్నీ వేరు. కింద ఉన్న లెక్కలు ఆ తేదీకి ముందు కొని అమ్మిన బండ్లవి.

ప్రశ్న: మాది పీణ్యలో ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, మెషిన్ పార్టులు చేస్తాం. 2021 నవంబరు 1న కారు కొన్నాం, 2025 జులై 31న 6,75,000కి అమ్మాం. కొన్నప్పుడు షోరూముకి మొత్తం 12,52,300 కట్టాం, అంతా వెహికల్స్ లెడ్జర్‌లోనే వేశాను. అమ్మినప్పుడు కొన్నవాళ్ళు 1,80,000 నేరుగా బ్యాంకుకి కట్టి మా లోన్ మూసేసి, మిగతా 4,95,000 మాకు వేశారు. నేను 4,95,000కే అమ్మకం చూపించాను, నష్టం వచ్చింది. మా సారు 'నష్టమైతే మంచిదే కదా, ట్యాక్స్ తగ్గుతుంది' అంటున్నారు. ఆడిటర్ గారి అసిస్టెంటేమో మొత్తం అమ్మకం మీద 18 శాతం జీఎస్టీ కట్టాలంటున్నాడు. ఎవరి మాట వినాలి?
— అకౌంటెంట్, పీణ్య

జవాబు: ముగ్గురి మాటా వినకండి, మీది కూడా కలిపే చెబుతున్నాను.

మొదట కొన్న ధర సరిచేద్దాం. మీరు పంపిన షోరూము బిల్లు కాపీలో నాలుగు ముక్కలున్నాయి. కారు ధర జీఎస్టీ, సెస్సుతో కలిపి 10,30,000, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ 1,70,000, ఇన్సూరెన్స్ 42,000, కింద చిన్న అక్షరాల్లో టీసీఎస్ 10,300. వీటిలో మొదటి రెండే కారు ధర, అంటే 12,00,000. మామూలు కంపెనీ వాడుకునే కారు మీద ఐటీసీ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవడం) రాదు కాబట్టి జీఎస్టీ ధరలోనే కలిసిపోతుంది. కారు రోడ్డు మీదికి రావాలంటే లైఫ్ ట్యాక్స్ తప్పదు కాబట్టి అదీ కలుస్తుంది. ఇన్సూరెన్స్ ఏ ఏడాది కవరుకి ఆ ఏడాది ఖర్చు. కొత్త కారుకి థర్డ్ పార్టీ కవర్ మూడేళ్ళకి ఒకేసారి తీసుకోవాలని 2018 సెప్టెంబరు నుంచి రూలుంది, ఆ ముక్కని మూడేళ్ళకి పంచాలి. ఇక టీసీఎస్ అసలు ఖర్చే కాదు, మీ పేరుమీద కట్టిన ముందస్తు పన్ను. మీ పేరున జమైన పన్నులు చూపే 26ఏఎస్ పత్రంలో కనపడుతుంది, రిటర్నులో క్రెడిట్ తీసుకోవాలి. దాన్ని కారు లెడ్జర్‌లో వేసి దానిమీద డిప్రిసియేషన్ (ఏటా తరుగుదల) రాస్తున్న కంపెనీలు చాలా ఉన్నాయి, అది క్రెడిట్ పోగొట్టుకున్నట్టే. ఆ ఏడాది రిటర్ను ఒకసారి తీసి చూడండి.

ఇప్పుడు పుస్తకాల విలువ. కంపెనీల చట్టం 2013, షెడ్యూల్ 2లో అద్దెకి తిప్పని కారు ఆయుష్షు 8 ఏళ్ళు, చివర్లో మిగిలే విలువ అసలు ధరలో 5 శాతం మించకూడదు. మీరు స్ట్రెయిట్ లైన్ పద్ధతిలో, అంటే ఏటా ఒకే మొత్తం తగ్గిస్తూ వెళ్తున్నామన్నారు కాబట్టి 12,00,000లో 95 శాతం, దాన్ని 8తో భాగిస్తే ఏడాదికి 1,42,500, నెలకి 11,875. 2021 నవంబరు నుంచి 2025 జులై దాకా 45 నెలలు, అంటే 5,34,375 తరిగింది, మిగిలింది 6,65,625. అమ్మిన ఏడాది ఏప్రిల్ నుంచి జులై దాకా 4 నెలల డిప్రిసియేషన్ 47,500 ఇందులోనే ఉంది. చాలామంది 'ఎలాగూ అమ్మేశాం కదా' అని ఆ ఏడాదిది వదిలేస్తారు. పుస్తకాల్లో అలా కుదరదు, అమ్మిన రోజుదాకా రాయాల్సిందే.

అమ్మిన ధర 6,75,000. అందులో 1,80,000 ఎవరి ఖాతాకి వెళ్ళిందన్నది మీ అప్పు గొడవ, కారు గొడవ కాదు. మీ తరఫున కొన్నవాడు మీ అప్పు తీర్చాడు, అంతే. ట్యాలీలో 'కారు అమ్మకం' అని ఒక లెడ్జర్ తెరవండి. కారు ధర 12,00,000 వెహికల్స్ నుంచి తీసి ఈ లెడ్జర్‌కి డెబిట్ చేయండి. ఇప్పటిదాకా పేరుకున్న డిప్రిసియేషన్ 5,34,375 దీనికి క్రెడిట్. బ్యాంకులో వచ్చిన 4,95,000, లోన్ లెడ్జర్‌కి వెళ్ళిన 1,80,000, రెండూ దీనికే క్రెడిట్. ఇప్పుడు లెడ్జర్‌లో 9,375 క్రెడిట్ మిగులుతుంది, అదే లాభం. మీరు నష్టం అనుకున్నది నష్టం కాదు. వచ్చిన డబ్బుని నేరుగా వెహికల్స్ లెడ్జర్‌కి క్రెడిట్ చేసి ఊరుకుంటే కారు పోయినా మిగతా 5,25,000 అక్కడే కూర్చుని ఏటా డిప్రిసియేషన్ తింటూ ఉంటుంది. లేని కారుకి ఆరేళ్ళుగా డిప్రిసియేషన్ రాస్తున్న పుస్తకాలు చూశాను.

మీ సారు మాటకొద్దాం. పుస్తకాల్లో లాభమొచ్చినా నష్టమొచ్చినా ఆదాయపు పన్నులో దానికి విలువ లేదు. అక్కడ బండి ఒక్కటిగా ఉండదు, బ్లాకులో, అంటే ఒకే రేటున్న ఆస్తులన్నీ కలిపిన మూటలో ఉంటుంది. 15 శాతం రేటున్న మీ మెషిన్లు, కారు, ఆఫీసు ఏసీ అన్నీ ఒకే బ్లాకు. కారు అమ్మితే 6,75,000 ఆ బ్లాకులోంచి తగ్గుతుంది, మిగిలిన బ్లాకు మీద 15 శాతం, అంతే కథ. కాబట్టి ఆదాయం లెక్కకట్టేటప్పుడు పుస్తకాల్లో చూపిన 9,375 లాభాన్ని తీసేయాలి. నష్టం వచ్చి ఉంటే దాన్ని తిరిగి కలపాలి, ఖర్చుగా ఒప్పుకోరు. బ్లాకు మొత్తం ఖాళీ అయిపోయినా, అమ్మిన ధర బ్లాకు విలువని దాటిపోయినా అప్పుడు షార్ట్ టర్మ్ క్యాపిటల్ గెయిన్ లెక్క వస్తుంది. మెషిన్లు నడుస్తున్న కంపెనీకి ఆ బెడద సాధారణంగా ఉండదు.

చివరగా జీఎస్టీ. అసిస్టెంట్ చెప్పినట్టు కడితే 1,21,500 అవుతుంది, అక్కర్లేని డబ్బు. ఐటీసీ తీసుకోని పాత బండి అమ్మితే పన్ను మార్జిన్ మీదే. 2018 జనవరి నుంచి ఈ వెసులుబాటు ఉంది, అప్పట్లో బండిని బట్టి 18 లేదా 12 శాతం, 2025 జనవరి 16 నుంచి అన్నిటికీ 18. మార్జిన్ అంటే అమ్మిన ధరలోంచి ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తరిగాక మిగిలిన విలువ తీసేస్తే వచ్చేది. పుస్తకాల విలువ కాదు, ఇక్కడే తప్పులో కాలేస్తారు. మీ కారుకి ఆ లెక్క ఇదీ. 2021-22లో వాడింది 180 రోజులకన్నా తక్కువ కాబట్టి సగం రేటు, 7.5 శాతం, 90,000 పోగా 11,10,000. తర్వాతి మూడేళ్ళూ 15 శాతం చొప్పున 9,43,500, తర్వాత 8,01,975, 2025 మార్చి నాటికి 6,81,679. అమ్మింది 6,75,000కి. మార్జిన్ మైనస్‌లో ఉంది, జీఎస్టీ లేదు, బిల్లు మాత్రం రాయండి. అదే కారు 7,20,000కి పోయి ఉంటే 38,321 మార్జిన్ మీద 18 శాతం, 6,898 కట్టేవారు.

ఒక చిక్కుంది, గమనించారా? ఆదాయపు పన్నులో బ్లాకే తప్ప విడి బండి విలువ ఎక్కడా ఉండదన్నాను, జీఎస్టీ మాత్రం విడి బండి విలువ అడుగుతుంది. అందుకని కొన్న రోజునుంచే ఒక్కో బండికి ఒక్కో వరుస పెట్టి, పుస్తకాల విలువకి ఒక గడి, ఆదాయపు పన్ను విలువకి ఒక గడి ఉంచుకోండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఎప్పుడు వాడకం మొదలైందో ఆ తేదీ, ఐటీసీ తీసుకున్నారా లేదా అన్నది కూడా అదే వరుసలో. ఐటీసీ గడి ఎందుకో కింది ఉత్తరం చూస్తే తెలుస్తుంది.

ప్రశ్న: బొమ్మసంద్రలో మా సొంత సరుకు వేయడానికి 2022 అక్టోబరులో టెంపో కొన్నాం. ధర 8,00,000, పైన జీఎస్టీ 2,24,000, ఐటీసీ తీసుకున్నాం. సరిగ్గా మూడేళ్ళకి 2025 అక్టోబరులో 3,50,000కి అమ్మాం. మార్జిన్ లేదు కాబట్టి జీఎస్టీ లేదనుకోవచ్చా? ఇంకోటి, ఖాళీ ఉన్నప్పుడు పక్క యూనిట్ల లోడు కూడా వేస్తుంటాం, 30 శాతం డిప్రిసియేషన్ వస్తుందా?
— ఒక యజమాని, బొమ్మసంద్ర

జవాబు: అనుకోకూడదు. మార్జిన్ వెసులుబాటు ఐటీసీ తీసుకోనివాళ్ళకే. మీరు తీసుకున్నారు, సరుకు బండి కాబట్టి తీసుకోవడం తప్పు కాదు, కానీ అమ్మేటప్పుడు లెక్క వేరు. తీసుకున్న ఐటీసీలోంచి మూడు నెలలకి 5 శాతం చొప్పున తగ్గిస్తే మూడేళ్ళకి 60 శాతం పోతుంది, మిగిలిన 40 శాతం 89,600. ఇంకోపక్క అమ్మిన ధర మీద 18 శాతం వేస్తే 63,000. రెంటిలో ఏది ఎక్కువైతే అది కట్టాలి, మీకు 89,600. బాధగా ఉంటుంది, నిజమే, 3,50,000లో పావువంతు పోయినట్టే. కానీ టెంపో ధర బేరమాడే ముందే ఈ లెక్క వేసుకుని ఉంటే, ఇంకో రెండేళ్ళు వాడి ఐటీసీ అంతా అరిగాక అమ్మితే ఎంత మిగులుతుందో తేలేది. అన్నట్టు ఐటీసీ తీసుకున్నారు కనుక మీ డిప్రిసియేషన్ 8,00,000 మీదే ఉండాలి, 10,24,000 మీద కాదు. రెండూ తీసుకుని ఉంటే ఐటీసీకే ఎసరు.

30 శాతం గురించి: అది బండ్లు కిరాయికి తిప్పడమే వ్యాపారమైనవాళ్ళకి. ట్రావెల్స్ వాళ్ళు, లారీ ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళు. అప్పుడప్పుడు పక్కింటి లోడు వేసినంత మాత్రాన మీరు ట్రాన్స్‌పోర్టర్ అయిపోరు. 15 శాతమే తీసుకోండి. పుస్తకాల్లోనూ ఇదే తేడా, కిరాయి బండికి 6 ఏళ్ళ ఆయుష్షు, మీలాంటి వాళ్ళకి 8.

ప్రశ్న: మా ఎండీ గారు ఐదేళ్ళు వాడిన ఇన్నోవాని తనే 3,00,000కి తీసుకుంటానంటున్నారు. 20,00,000కి కొన్నాం, ఇప్పుడు పుస్తకాల్లో విలువ 3,00,000 చిల్లర ఉంది. బుక్ వాల్యూకే ఇస్తున్నాం కదా, ఏ ఇబ్బందీ లేదంటున్నారు.
— ఫైనాన్స్ చూసే ఆమె, వైట్‌ఫీల్డ్

జవాబు: అమ్మా, బుక్ వాల్యూ మంత్రం ఇక్కడ పనిచేయదు. ఎండీ గారు జీతం తీసుకునే ఉద్యోగి కూడా. కంపెనీ కారు ఉద్యోగికి చవగ్గా ఇస్తే తేడా అతని జీతంలో కలుస్తుంది. ఆ తేడా కట్టడానికి ఆదాయపు పన్ను వాళ్ళదే ఇంకో లెక్క ఉంది, కారుకి నిండిన ప్రతి ఏడాదికీ, అప్పటికి మిగిలిన విలువలోంచి 20 శాతం తగ్గిస్తూ పోవాలి. ఐదేళ్ళకి 20,00,000 కాస్తా 6,55,360 అవుతుంది. ఆయన ఇచ్చేది 3,00,000, మిగతా 3,55,360 ఆయన జీతం కింద లెక్క, దానిమీద టీడీఎస్ కోయాలి. కోయకపోతే నోటీసు వచ్చేది కంపెనీకే, కోసిన నెలలో జీతం తక్కువొచ్చిందని ఆయన మీ క్యాబిన్‌కి వస్తారు, అందుకే ముందే రాతపూర్వకంగా చెప్పి ఉంచండి.

ఇది డైరెక్టర్‌కి చేసే అమ్మకం కాబట్టి బోర్డు తీర్మానం పెట్టించండి. పాత కార్లు కొనే ఇద్దరు డీలర్ల దగ్గర రాతలో ధర తీసుకుని ఫైల్లో ఉంచండి. సంబంధీకుల మధ్య అమ్మకంలో జీఎస్టీ కూడా బయటి మార్కెట్ ధరనే చూస్తుంది. ఐదు నిండు ఏళ్ళూ 15 శాతం వేసి ఉంటే ఆదాయపు పన్ను విలువ 8,87,000 దరిదాపుల్లో ఉంటుంది, మార్కెట్ ధర దాన్ని దాటితేనే ఆ గొడవ. ఆ వయసు ఇన్నోవాకి బెంగళూరులో ఎంత గిరాకీ ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు, కాబట్టి దాటదులే అని ధీమాగా ఉండకండి.

ప్రశ్న: కారు లోన్ తక్కువ వడ్డీకి వస్తుందని మా డైరెక్టర్ పేరుమీద కొన్నాం. ఈఎంఐ, ఇన్సూరెన్స్ అన్నీ కంపెనీయే కడుతుంది. డిప్రిసియేషన్ కంపెనీ తీసుకోవచ్చా? ఆర్సీ కంపెనీ పేరుమీద లేకపోతే ఒప్పుకోరంటున్నారు.
— రాజాజీనగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: తీసుకోవచ్చు, కానీ వాదించడానికి సిద్ధంగా ఉండాలి. దీనిమీద వచ్చిన పెద్ద తీర్పులు రెండూ మన కర్ణాటక కంపెనీలవే కావడం తమాషా. 1999లో మైసూర్ మినరల్స్ కేసులో సుప్రీంకోర్టు, రిజిస్ట్రేషన్ కాగితం పేరుమీద లేకపోయినా ఆస్తిని సొంతదారుగా అనుభవిస్తున్నవాళ్ళకి డిప్రిసియేషన్ ఇవ్వాలంది, అది ఇళ్ళ కేసు. 2013లో ఐసీడీఎస్ కేసు అచ్చంగా బండ్లదే. కంపెనీ బండ్లు కొని లీజుకిచ్చింది, ఆర్సీలు లీజుదారుల పేర్ల మీద ఉన్నాయి, అయినా డిప్రిసియేషన్ కంపెనీదే అని తేల్చారు. మోటారు వాహనాల చట్టంలో ఓనర్ ఎవరన్నది వేరు, ఆదాయపు పన్నులో ఓనర్ ఎవరన్నది వేరు.

మీరు చేయాల్సిందల్లా డబ్బు కంపెనీది అని, కారు కంపెనీ కోసమే అని, డైరెక్టర్ పేరు కేవలం పేరుకే అని కొన్న రోజుల్లోనే తీర్మానం రాసి ఉంచడం. అసెస్‌మెంటులో అడిగాక పాత తేదీ వేసి రాసే తీర్మానం ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. ఆదివారాలు ఆయన నంది హిల్స్‌కి కూడా అదే కారులో వెళ్తుంటే ఆ మేరకు సొంత వాడకం కింద కొంత కోత పడొచ్చు, లాగ్‌బుక్ ఉంటే మంచిది. నన్నడిగితే అర శాతం వడ్డీ కోసం ఇంత తంటా ఎందుకు, తర్వాతి కారు కంపెనీ పేరుమీదే కొనండి.

ప్రశ్న: హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో మాది డెలివరీ పని. ఎలక్ట్రిక్ స్కూటర్లు కొన్నాం. స్కూటర్‌కి 10 ఏళ్ళు అని అకౌంటెంట్ వేశాడు. పన్నులో రేటెంత?
— హెచ్ఎస్ఆర్ లేఅవుట్

జవాబు: మామూలు బైకులకి, స్కూటర్లకి పుస్తకాల్లో 10 ఏళ్ళే, కానీ కరెంటు బండ్లకి షెడ్యూల్ 2లో విడిగా 8 ఏళ్ళని ఉంది, అది వేయండి. రోజంతా డెలివరీకి తిరిగే స్కూటర్ 8 ఏళ్ళు ఉండదని మీకు తెలిస్తే కారణం రాసి ఇంకా తక్కువ కూడా పెట్టుకోవచ్చు, చట్టం కాదనదు. పన్నులో ఎలక్ట్రిక్ వాహనాలకి 40 శాతం, మీ ఆఫీసు కంప్యూటర్లున్న బ్లాకులోనే చేరతాయి. స్కూటర్లు అమ్మితే ఆ బ్లాకులోంచే తగ్గించాలి, 15 శాతం బ్లాకులోంచి కాదు. బ్యాటరీ మార్చినప్పుడు పుస్తకాల్లో కొత్త బ్యాటరీని ఆస్తికి కలిపి పాత బ్యాటరీకి మిగిలిన విలువ తీసేయండి. పాతది ఉంచేసి కొత్తది కలిపితే ఒక స్కూటర్ మీద రెండు బ్యాటరీలు మోస్తున్నట్టు అవుతుంది.

ప్రశ్న: మా అనంతపురం బ్రాంచి మూసేసి కారుని కె.ఆర్.పురం ఆఫీసుకి తెచ్చాం. కర్ణాటక లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాం. ఇది ఖర్చా, కారు ధరకి కలపాలా? ఆంధ్రాలో కట్టింది వెనక్కి వస్తుందంటున్నారు.
— కె.ఆర్.పురం

జవాబు: ఏపీ నంబరు బండితో బెంగళూరులో ఉండేవాళ్ళ పాట్లు మనందరికీ తెలిసినవే. పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంచాలంటే కొత్త నంబరు, కొత్త లైఫ్ ట్యాక్స్ తప్పవు. బండి మిగిలిన ఆయుష్షంతా ఇక్కడ తిరిగే హక్కుకి కట్టిన డబ్బు కనుక కారు విలువకి కలిపి మిగిలిన ఏళ్ళకి పంచడమే నాకు సబబుగా తోస్తుంది. ఆఫీసు మార్చడం వల్ల వచ్చిన ఖర్చు ఆస్తికి కలపకూడదు కదా అని మీ ఆడిటర్ అంటే ఆ మాటలోనూ పస ఉంది, మొత్తం చిన్నదైతే ఖర్చు రాసేసి వదిలేయండి. ఆంధ్రాలో మిగిలిన కాలానికి వాపసు అడగొచ్చు. వచ్చినప్పుడు దాన్ని ఇతర ఆదాయంలో వేయకండి, కారు ధరలోంచి తగ్గించండి.

ప్రశ్న: మార్చి 20న హోసూరు రోడ్డు మీద మా కంపెనీ కారు నుజ్జయింది. టోటల్ లాస్ కింద 5,00,000 ఇస్తామని ఇన్సూరెన్స్ కంపెనీ ఏప్రిల్ 10న ఉత్తరం రాసింది. ఏ ఏడాదిలో చూపాలి?
— ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: డ్రైవర్ క్షేమమని రాశారు, అది ముఖ్యం. ప్రమాదం మార్చిలో జరిగింది, పుస్తకాలు ఇంకా మూయలేదు, ఏప్రిల్ ఉత్తరం మార్చి నాటి పరిస్థితినే ఖాయం చేసింది. కాబట్టి మార్చిలోనే కారు తీసేసి 5,00,000 రావాల్సిన బాకీగా చూపండి. మీ పుస్తకాల విలువ 6,20,000 అన్నారు, 1,20,000 నష్టం. పన్నులో ఈ 5,00,000 కూడా అమ్మకం డబ్బులాగే బ్లాకులోంచి తగ్గుతుంది, తుక్కు మీకే వదిలేసి మీరు అమ్ముకుంటే అదీ తగ్గుతుంది.

ప్రశ్న: కారుకి 8 ఏళ్ళు నిండాయి, ఇంకా బాగానే తిరుగుతోంది. ఇప్పుడేం చేయాలి? స్ట్రెయిట్ లైన్ నుంచి డబ్ల్యూడీవీకి (ఏటా మిగిలిన విలువ మీద ఒకే శాతం తగ్గించే పద్ధతికి) మారితే లాభమా?
— మారతహళ్ళి

జవాబు: పుస్తకాల్లో 5 శాతం దగ్గర ఆగిపోతుంది, అమ్మేదాకా అలాగే ఉంచండి. ఆయుష్షు నిండింది కదా అని రిజిస్టరులోంచి కొట్టేయకండి, బండి ఉన్నంతకాలం వరుస ఉండాలి. పన్నులో మాత్రం బ్లాకు మీద 15 శాతం నడుస్తూనే ఉంటుంది. పద్ధతి మార్చడం వల్ల పన్ను పైసా కూడా తగ్గదు, అక్కడ రేటు వేరే కనుక. పుస్తకాల్లో మారాలంటే మారండి, 8 ఏళ్ళకి డబ్ల్యూడీవీ రేటు 31.23 శాతం వస్తుంది, పాత ఏళ్ళు తిరగతోడకుండా ఇకముందుకే వర్తింపజేయాలి. మొదటి ఏళ్ళలో లాభం బాగా తగ్గి కనిపిస్తుంది, బ్యాంకు లోన్ కోసం తిరుగుతున్నవాళ్ళయితే ఆలోచించుకోండి.

ప్రశ్న: రెండేళ్ళ క్రితం అమ్మిన కారుకి సిగ్నల్ జంప్ చలాన్లు ఇంకా కంపెనీ పేరునే వస్తున్నాయి. కొన్నతను ఆర్సీ మార్చుకోలేదు. చలాన్లు కట్టేసి వాహనాల ఖర్చులో రాస్తున్నాను. ఆర్సీ మారనంతవరకు అమ్మకం చూపకూడదా?
— యశ్వంతపూర్

జవాబు: డబ్బు తీసుకుని తాళాలిచ్చేసిన రోజే మీ పుస్తకాల్లో అమ్మకం, ఆర్సీ దాకా ఆగక్కర్లేదు. అలాగని ఆర్సీని తేలిగ్గా తీసుకోకండి. అమ్మిన బండి యాక్సిడెంట్ చేస్తే పరిహారం విషయంలో ఆర్సీలో ఉన్నవాళ్ళే ఓనరని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో ఆర్టీవోకి తెలపాల్సిన బాధ్యత అమ్మినవాళ్ళది, ఫామ్ 29 అందుకే. లోన్ ఉండి తీర్చినదైతే ఫామ్ 35, బ్యాంకు ఎన్ఓసీ కూడా జతచేసి ఆర్సీ మీదున్న హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు) కొట్టేయించాలి. ఇప్పుడైనా డెలివరీ నోటు, బ్యాంకు స్టేట్‌మెంటు కాపీ పట్టుకుని ఆర్టీవోకి ఒక ఉత్తరం ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి.

చలాన్లు మీ ఖర్చు కాదు. కొన్నతని పేరుమీద లెడ్జర్ తెరిచి రావాల్సిన బాకీగా రాయండి, వసూలు కాకపోతే అప్పుడు చూద్దాం. ఇప్పటిదాకా వాహనాల ఖర్చులో రాసినవి పన్ను లెక్కలో తిరిగి కలపండి, చట్టం ఉల్లంఘించినందుకు కట్టే జరిమానా మీ సొంత బండిదైనా సరే ఖర్చుగా ఒప్పుకోరు. ఇకముందు బండి అమ్మితే ఆర్సీ మారేదాకా ధరకి పైన ఓ 20,000 అట్టిపెట్టుకుని, మార్చిన కాగితం చూపించాక తిరిగి ఇస్తానని ముందే మాట్లాడుకోండి. అమ్మకం ధర మాత్రం పూర్తిదే చూపండి, అట్టిపెట్టిన డబ్బు అతనికి ఇవ్వాల్సిన బాకీ.